ఆయన పోయాక వచ్చిన అనుమానం

జొన్నరొట్టె కొట్టేటప్పుడు కుడిచేయి కొడుతుంది, ఎడమచేయి తిప్పుతుంది. తిప్పే చేయి ఆగితే రొట్టె ఒక పక్క పలచగా, ఇంకో పక్క మందంగా వస్తుంది. ఒక సాయంత్రం ఇస్నాపూర్ రోడ్డు పక్కన మా పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు కొడుతుంటే నా ఎడమచేయి తిప్పడం ఆపేసింది. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. పరాయివాళ్ల చేయిలాగా పీట మీద పడి ఉంది.

పక్క పొయ్యి దగ్గర నా చెల్లె యాదమ్మ నా రొట్టె చూసి నవ్వింది. "ఏందక్కా, రొట్టె కొడ్తున్నవా, మన హత్నూర మండలం నక్ష గీస్తున్నవా?"

రొట్టె అంచులు నిజంగానే మ్యాప్‌లాగా వంకరలు పోయాయి. రొట్టెల కోసం నిలబడ్డ, కంపెనీల్లో పనిచేసే పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం భగ్గుమంది. ఆమె రొట్టె గిన్నె బోర్లించి గీసినట్టు గుండ్రంగా ఉంది మరి.

ముందే చెబుతున్నాను, నాకు మా చెల్లె మీద చిన్నప్పటి నుంచీ మంట. దానిది ఒత్తు జుట్టు, నాది తోక జడ. అది నవ్వితే ఇల్లంతా నవ్వుతుంది, నేను నవ్వితే "ఏమైంది" అని అడుగుతారు. దాని మొగుడు మల్లేశం కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్, బతికే ఉన్నాడు. నా మొగుడు నర్సింలు కాజీపల్లిలో మందుల కంపెనీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు, గుండె ఆగి పోయాడు. ఆయన పోయాక నన్ను ఇంట్లో ఏడుస్తూ కూర్చోనివ్వకుండా రొట్టెల పొయ్యి పెట్టించింది కూడా యాదమ్మే. అందుకు కూడా నాకు మండేది. ఒకరి దయ మీద బతికేవాళ్లకు ఈ మంట తెలుస్తుంది.

నా పేరు సత్తెమ్మ. సంతకం పెట్టడం, బస్సు బోర్డు కూడబలుక్కోవడం తప్ప నాకు చదువు లేదు. నేను చెబుతుంటే నా బిడ్డ కవిత రాస్తోంది. "ఇది వద్దమ్మా" అని అది ఆగిన చోట్ల కూడా రాయించాను.

చేయి సంగతి ముందు మా వీధి ఆర్‌ఎంపీకి చూపించాను. నరాల బలహీనత అని సూదులు ఇచ్చాడు. తర్వాత పటాన్‌చెరులో ఎముకల డాక్టర్ "ఫ్రోజెన్ షోల్డర్" అన్నాడు. గోడ మీద వేళ్లు పాకించమన్నాడు. గోడ రంగు పోయింది, చేయి మాత్రం రాలేదు. అసలు సంగతి కనిపెట్టింది మా దగ్గర రోజూ రొట్టెలు కొనే ఒక ఆంధ్రా పెద్దాయన. సర్కారు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు.

"అమ్మా, మీరు నడుస్తుంటే ఆ ఎడమచెయ్యి అసలు ఊగట్లేదండీ. మా అన్నయ్యకీ ఇలాగే మొదలైంది. న్యూరాలజీ డాక్టరుకి చూపించండి, ఆలస్యం చెయ్యకండి" అన్నాడు.

యాదమ్మే నన్ను పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ డాక్టర్ సారు బొటనవేలితో చూపుడువేలు కొట్టమన్నాడు. నడవమన్నాడు. నా మోచేతిని వంచి చాచి చూశాడు. ఎంఆర్ఐ తీయించాడు. రిపోర్ట్ నార్మల్ అనగానే మేమిద్దరం మొక్కుకున్నాం.

"ఈ జబ్బు స్కానింగ్‌లో కనబడదమ్మా, నీ చేతిలో కనబడుతుంది. దీన్ని పార్కిన్సన్స్ అంటారు. మెదడులో డోపమైన్ అనే రసం తక్కువైంది. అందుకే చేయి నీ మాట వింటలేదు" అన్నాడు.

"తక్కువైన రసం మళ్లా ఊరదా సారూ?" అని అడిగాను.

"ఊరదు. కానీ ఆ రసం పనిచేసే చోటికే పోయి, దాని పని తాను చేసే గోలి ఉంది." దాని పేరు ప్రామిపెక్సోల్. దాంతోపాటు లెవోడోపా అని ఇంకో గోలి కూడా కొంచెం రాశాడు. "చిన్న డోసుతో మొదలుపెట్టి మెల్లమెల్లగా పెంచుతాం. నిద్ర ముంచుకు రావడం, లేస్తే కళ్లు తిరగడం, కాళ్ల వాపు ఉంటే చెప్పాలి. ఇంకొకటి. కొందరికి ఈ గోలితో కొత్త బుద్ధులు పుడతాయి. అదే పనిగా కొనడం, తినడం, జూదం, లేనిపోని అనుమానాలు. ఏది మొదలైనా దాచొద్దు."

"జూదమా! మా అక్క పేకముక్కల బొమ్మలు కూడ ఎరగదు సార్" అని యాదమ్మ నవ్వింది. సారు కూడా నవ్వాడు. ఆ నవ్వులో అనుమానాల మాట కొట్టుకుపోయింది.

మొదట్లో వికారం పెట్టింది. మంచం మీద నుంచి లేస్తే గోడ తిరిగేది. అవి సర్దుకున్నాక, ఒక పొద్దున పిండి కలుపుతుంటే ఎడమచేయి తనంతట తాను గిన్నె పట్టుకుంది. నేను చెప్పకుండానే పట్టుకుంది. ఆ సాయంత్రం నేను కొట్టిన రొట్టెలో యాదమ్మకు వెక్కిరించడానికి వంక దొరకలేదు. అదే నాకు పండుగైంది. ఆ గోలిని నేను కళ్లకు అద్దుకుని మింగేదాన్ని.

తర్వాత ఒక రోజు పటాన్‌చెరులో షేర్ ఆటో ఎక్కి పక్కావిడతో చిక్కుడుకాయల రేటు మాట్లాడుతున్నాను. ఆ మాట సగంలోనే నిద్రపోయాను. ఇస్నాపూర్ దాటిపోయింది. "అమ్మా, దిగు, సంగారెడ్డి చౌరస్తా ఇది!" అని డ్రైవర్ తట్టి లేపాడు. ఇంట్లో అందరం నవ్వుకున్నాం. డాక్టర్‌కు చెప్పొద్దనుకున్నాను, చెబితే గోలి తగ్గిస్తాడేమోనని. కానీ తర్వాత చూపించుకోవడానికి పోయినప్పుడు యాదమ్మ చెప్పేసింది.

"నిప్పు ముందు ఒంటరిగా కూర్చోవద్దు. ఇట్లాంటివి చిన్న విషయాలు కాదు" అని సారు గట్టిగా చెప్పాడు, గోలి వేసుకునే వేళలు మార్చాడు.

బయటికి వచ్చాక యాదమ్మ మీద విరుచుకుపడ్డాను. "నా సంగతి నువ్వెవరు చెప్పనీకి? నా చేతులు బాగైతె నీకు కండ్లమంట."

"పొయ్యిల పడితె బాగుంటవ్ లే" అంది అది.

ఆ రోజు నుంచి దాని ముందు డాక్టర్‌కు ఏదీ చెప్పకూడదని అనుకున్నాను. మా తిప్పలన్నీ అక్కడే మొదలయ్యాయి.

కొన్నాళ్లకు కుడిచేయి వణకడం మొదలైంది. సారు ప్రామిపెక్సోల్ పెంచాడు. వణుకు తగ్గింది. ఆ తర్వాతే మా ఆయన మళ్లీ ఇంట్లోకి వచ్చాడు. దయ్యమై కాదు, ప్రశ్నై వచ్చాడు.

మా దిక్కు బావ మరదళ్ల పరాచికాలు కొత్త కాదు. మరదలంటే సగం పెళ్లామని పెద్దవాళ్ల ముందే అంటారు, అందరూ నవ్వుతారు. బోనాల పండుగకు యాట కోస్తే మా ఆయన కూరలో మూలుగ నిండిన ఎముక, మూలుగబొక్క, ఏరి యాదమ్మ పళ్లెంలో వేసేవాడు. "సగం పెళ్లానికి సగం మూలుగ" అనేవాడు. "మిగిలిన సగం ఎవలికి బావా, మా అక్కకు బొక్కేనా?" అనేది అది. నేనే అందరికంటే ఎక్కువ నవ్వేదాన్ని. ఒక బతుకమ్మకు సంగారెడ్డిలో మా ఇద్దరికీ ఒకే రకం చీరలు తెచ్చాడు, వంకాయ రంగువి. "ఇద్దరికి ఒక్కటే. కొట్లాడుకోకున్రి" అన్నాడు.

గోలి పెరిగాక ఇవన్నీ ఒక్కొక్కటే వచ్చి నా ముందు కూర్చున్నాయి. మూలుగ ఎందుకు వేశాడు? ఒకే చీర ఎందుకు తెచ్చాడు? ఆయన పోయిన రోజు నాకంటే గట్టిగా అదెందుకు ఏడ్చింది? పొయ్యి పెట్టించింది నా మీద ప్రేమతోనా, పాపం కడుక్కోవడానికా? ఒక ప్రశ్న లేస్తే ఇంకోదాన్ని లేపేది. బియ్యంలో రాళ్లు లేకున్నా చాటలో పోసుకుని ఏరుతూనే ఉండేదాన్ని, ఏరుతూ లెక్కలు కట్టేదాన్ని. నాకు అనుమానం అనిపించలేదు. ఇన్నేళ్లకు కళ్లు తెరుచుకున్నాయి అనిపించింది. చదివేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. అది వచ్చినప్పుడు జబ్బులాగా రాదు, తెలివిలాగా వస్తుంది.

డాక్టర్ సారు ప్రతిసారీ అడిగేవాడు. "మనసులో ఏమన్నా కొత్త ఆలోచనలు?" పక్క కుర్చీలో యాదమ్మ, ఒళ్లో నా ఫైలు పెట్టుకుని. దాని సంగతి దాని ముందే ఎట్లా చెబుతాను? "ఏం లెవ్వు సారూ" అనేదాన్ని.

పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్య, పెత్రమాస వచ్చింది. పొద్దున మా ఆయన పేరు మీద బియ్యం ఇచ్చాం. అదే రోజు సాయంత్రం బతుకమ్మ మొదటి ఆట, ఎంగిలిపూల బతుకమ్మ. మా దిక్కు మొగుడు పోయిన ఆడది బతుకమ్మ ఎత్తదు. ముందు వచ్చినవాళ్లు చప్పట్లు కొడుతూ ఆడుతున్నారు, నేను అరుగు మీద కూర్చున్నాను. యాదమ్మ తల మీద బతుకమ్మ పెట్టుకుని, కాళ్లకు పసుపుతో వచ్చింది. ఒంటి మీద ఆ వంకాయ రంగు చీర.

నేను లేచి పోయి కొంగు పట్టుకున్నాను. "ఇప్పు ఈ చీర."

"ఏందక్కా, ఇడువు, అందరు సూస్తున్నరు."

"సూడనీ. మా ఆయన తెచ్చిన చీర కట్టుకోని, ఆయనకు బియ్యమిచ్చిన్నాడే ఆడ్తవా?"

"నీకు గూడ తెచ్చిండు గదనే బావ! నీది పెట్టెల ఉన్నది."

"నీకెందుకు తెచ్చిండు? సగం పెళ్లామని తెచ్చిండా, మొత్తం పెళ్లామని తెచ్చిండా?"

చప్పట్లు ఆగిపోయాయి. యాదమ్మ తల మీది బతుకమ్మను మెల్లగా కింద పెట్టింది. "సచ్చిపోయినోన్ని గూడ ఇడ్సిపెట్టవా అక్కా?" అంది. అంతే అంది. ఏడవలేదు. ఏడవకపోవడం కూడా నాకు సాక్ష్యంగానే కనిపించింది.

మల్లేశం డ్యూటీ దిగి వస్తూ అక్కడే నిలబడి ఉన్నాడు. తెల్లారి మా ఇంటికి వచ్చాడు. లోపలికి రాలేదు, చెప్పులు విప్పలేదు.

"వదినా, నువ్వు అన్నది నిజమైతె చెప్పు, నేను దానితోని ఉండ. అబద్ధమైతె చెప్పు, నీ గడప తొక్క. రెంట్ల ఏదో ఒకటి చెప్పు."

"నిజమే" అన్నాను. నిద్రపోయి లేచినంత తేలికగా అన్నాను.

యాదమ్మ హత్నూర దిక్కు మా అన్న ఇంటికి వెళ్లిపోయింది. రొట్టెల పొయ్యి చల్లారింది. అప్పటిదాకా నా గోలీలు అదే తెచ్చేది, వేళకు నా అరచేతిలో పెట్టేది. "ఆ చేత్తో తెచ్చిన గోలి నాకొద్దు" అని రెండు రకాల గోలీలనూ చెత్తబుట్టలో వేశాను. కవితకు వేసుకుంటున్నానని చెప్పాను. అది కంపెనీలో షిఫ్టులు చేసుకునే పిల్ల, నమ్మింది.

కొద్ది రోజుల్లోనే ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయింది. మంచంలో పక్కకు తిరగలేకపోయాను. చెమటలు, గుండె దడ, తర్వాత జ్వరం. మింగితే నీళ్లు బయటికి వచ్చాయి. కవిత ఆటోలో వేసుకుని దవాఖానకు ఉరికింది.

"గోలీలు ఎవరు ఆపమన్నారు?" సారు అంత గట్టిగా అరవడం అదే మొదటిసారి. "వీటిని ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది, తెలుసా?" నన్ను అడ్మిట్ చేశారు. ముక్కులోంచి గొట్టం వేసి లెవోడోపా ఇచ్చారు. జ్వరం దిగి నోరు తిరిగాక సారు మంచం పక్కన కూర్చుని ఎందుకు ఆపావని అడిగాడు. నేను మూతి ముడుచుకున్నాను. కవితే అన్నీ చెప్పింది. మూలుగ, చీర, మల్లేశం, అంతా.

సారు విని నా దిక్కు తిరిగాడు. "అమ్మా, ఇది ఆ గోలి వల్ల అయి ఉండొచ్చు. నీ తప్పు కాదు."

"మరి చీర గూడ గోలే తెచ్చిందా సారూ?" అన్నాను.

పక్క మంచం ఆమె కిసుక్కుమంది. సారు నవ్వలేదు. "చీర మీ ఆయనే తెచ్చాడు. ఇన్నేళ్లు దాన్ని చూసి నవ్వినావు కదా. ఆయన పోయాక, డోసు పెంచినాక ఎందుకు కోపం వచ్చింది? కొత్త సాక్ష్యం ఏమన్నా దొరికిందా?"

కొత్త సాక్ష్యం ఏదీ దొరకలేదు. అయినా నమ్మకం కదల్లేదు. అదే దాని బలం.

"ప్రామిపెక్సోల్ మెల్లగా తగ్గిస్తూ తీసేస్తాం, లెవోడోపా పెంచుతాం. చేతులు మునుపటంత బాగా ఉండకపోవచ్చు. ఈ గోలితో బాగుపడ్డవాళ్లు ఎందరో ఉన్నారు, నీకు మాత్రం పడలేదు. ఇంకో మాట. నీ మనసు చెప్పేదాని మీద ఇప్పుడే ఏ నిర్ణయం తీసుకోవద్దు. తీసుకున్నది ఏదన్నా ఉంటే వెనక్కి తీసుకో."

తీసుకున్నది ఉంది. ఒక ఇల్లు రెండు ముక్కలైంది.

ఇంటికి వచ్చాక కవితను పట్టుకుని మల్లేశం ఉన్న గేటు దగ్గరికి నడిచాను. నిజం చెబుతున్నాను, ఆ రోజుకి నా లోపల అనుమానం ఇంకా పూర్తి ప్రాణంతో ఉంది. "నిజం, నిజం" అని గంట కొడుతూనే ఉంది. ఆ గంట వింటూనే నోరు తెరిచాను.

"మల్లేశం, నేనన్నది అబద్ధం."

"డాక్టర్ అనమన్నడా?"

"అవు. నాకింకా నిజమనే అనిపిస్తున్నది. కానీ నాకు అనిపించుడే జబ్బంట. నా చేయి వణికితె దాన్ని నేను వణికిస్తున్న అనవు గదా? గిది గూడ గట్లనే. నా చెల్లెను తెచ్చుకో. నా గడప తొక్కకు, నువ్వన్నట్టే."

అతని చేయి గేటు చువ్వ మీదే ఉంది. లారీ ఒకటి హారన్ కొడుతున్నా తీయలేదు. "దాని చేతి తిండి లేక కడుపు మాడుతున్నది వదినా" అన్నాడు. ఆ ఆదివారమే పోయి తెచ్చుకున్నాడు.

గోలి తగ్గిస్తున్న రోజులు బాగా కష్టపెట్టాయి. ఊరికే ఏడుపు, చెమట, ఏ పని మీదా మనసు లేకపోవడం. అనుమానం మాత్రం ఒక్కరోజులో పోలేదు. కుండలో అడుగంటిన గంజిలాగా కొంచెం కొంచెం వదిలింది. ఒక పొద్దున నిద్ర లేచి చూస్తే ఆ గంట లేదు. సంతోషపడాలి కదా? నేను మంచం మీద కూర్చుని ఏడ్చాను. అనుమానం ఉన్నన్నాళ్లూ ఆయన నాతోనే ఉన్నాడు. పొద్దున లేచింది మొదలు ఆయనతో కొట్లాడేదాన్ని, ఆయన చూపు ఎటు పోయిందో వెతికేదాన్ని. అది పోగానే ఆయన రెండోసారి చచ్చిపోయాడు. ఆ సంగతి కవిత రాయనంది. రాయమన్నాను.

యాదమ్మ ఇస్నాపూర్‌కు వచ్చాక కూడా చాలా రోజులు నా దిక్కు రాలేదు. ఒక సాయంత్రం వచ్చి పొయ్యి ముట్టించింది. ఎసరు మరిగాక పిండి పోసి కలిపింది. నా దిక్కు చూడకుండా ఒక ముద్ద నా పీట మీద వేసింది. నేను కొట్టాను. ఎడమచేయి ఆగి ఆగి తిప్పింది.

"మల్లా నక్ష గీసినవ్" అంది.

"నీ నోట్ల మన్ను వడ" అన్నాను. అప్పుడు ఇద్దరం ఏడ్చాం. రొట్టె మాడింది.

ఇప్పుడు నేను ఒక్క లెవోడోపా మీద ఉన్నాను. గోలి పనిచేసే వేళల్లో రొట్టె కొడతాను, దాని బలం దిగే వేళల్లో పిండి జల్లిస్తాను. గుండ్రటి రొట్టెలు యాదమ్మవి, వంకరవి నావి. వంకరవి అడిగి తీసుకునేవాళ్లు కూడా ఉన్నారు, అది చూసి యాదమ్మ మూతి తిప్పుతుంది, నాకు కడుపు చల్లబడుతుంది. అసూయ పోయిందా అంటే పోలేదు. దాని జుట్టు చూస్తే మండుతుంది. మల్లేశం దానికి మల్లెపూలు తెస్తే మండుతుంది. కానీ ఈ మంట నాకు తెలిసిన మంట. మండుతూనే దాని పళ్లెంలో ముక్క నేను లాక్కుని తినగలను. గోలి తెచ్చిన మంటలో ఆకలి కూడా వేయలేదు, నవ్వు కూడా రాలేదు.

మొన్న బతుకమ్మకు యాదమ్మ ఆ వంకాయ రంగు చీర నా ఒళ్లో వేసింది. "ఇది గూడ నువ్వే ఉంచుకో, పీడ పోతది."

"నాకొద్దు. నువ్వే కట్టుకో. నాకు మండాలె."

కట్టుకుని ఆడింది. అరుగు మీద కూర్చుని చూశాను. మండింది. కొంచెమే.

ఈ జబ్బు ఉన్నవాళ్లకు, ఈ గోలి మింగేవాళ్లకు నాకు తెలిసిన ఒక్క మాట చెబుతాను. డాక్టర్ దగ్గరికి మీతో ఎవరు వచ్చినా సరే, ప్రతిసారీ కొంచెంసేపు వాళ్లను బయట కూర్చోమనండి. కన్నబిడ్డైనా, తోడబుట్టినదైనా కూర్చోమనండి. చేతుల సంగతి అందరి ముందు చెప్పొచ్చు. మనసు సంగతి ఒంటరిగా చెప్పాలి. ఆ తర్వాత వాళ్లను లోపలికి పిలిచి, మీ గురించి వాళ్లేం చూశారో అది కూడా వాళ్లను అడగమని డాక్టర్‌కు చెప్పండి. ఇప్పుడు నేను అట్లాగే చేస్తున్నాను. నేను లోపల ఉన్నంతసేపూ యాదమ్మ బయట బల్ల మీద ఫైలు పట్టుకుని కూర్చుంటుంది, తలుపు తీయగానే, "నన్ను ఏమేం తిట్టినవో చెప్పు" అని అడుగుతుంది.